దారం కట్టిన కొస

ప్రయోగశాల, రెండో అంతస్తు
బుధవారం

అన్నయ్యకి,

మంచుపెట్టె నిన్న సాయంత్రం అందింది. లారీ అతను దించేటప్పుడు మూత విరగ్గొట్టాడు గానీ, లోపల చేపలకేమీ కాలేదు. కాకపోతే నువ్వు వాటికి పొలుసు గీకి, పొట్ట చీల్చి, రెండు నీళ్లు కడిగి మరీ పంపావు. ఇక్కడ అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా ప్రయోగశాల పెద్దాయన కళ్లజోడు పైకి తోసుకుని, "మీ అన్నయ్య ఇవి పరిశోధనకి పంపాడా, వంటకి పంపాడా అమ్మా?" అన్నారు. నాకు కావలసింది ఆ పొట్టలో ఉన్నదే. చెల్లెలికి చేప పంపుతూ కడగకుండా పంపడానికి నీకు చేతులు రావని తెలుసు. ఈసారికి మనసు రాయి చేసుకుని, వల్లో పడింది పడ్డట్టే పంపు.

ఎందుకో చెబుతాను. కొండ మీది గనిలో రాయి పిండి చేసి లోహం తీసుకున్నాక మిగిలిన బురదను పైపులో సముద్రం అడుక్కి వదులుతున్నారు కదా. అందులో పాదరసం ఉంది. అడుగునున్న కంటికి ఆనని జీవులు దాన్ని తీసుకుంటాయి. వాటిని రొయ్యపిల్లలు, రొయ్యపిల్లల్ని చిన్న చేపలు, వాటిని ఇంకా పెద్దవి తింటాయి. తిన్న ఆహారం అరిగిపోతుంది, పాదరసం అరగదు. వంద చిన్న చేపల ఒంట్లోది ఒక్క పెద్ద చేప ఒంట్లో చేరుతుంది. బడిలో దీన్ని ఆహార గొలుసు అని చెప్పారు. గొలుసు కాదు, వల. ఎక్కడ లాగినా మిగతాదంతా కదులుతుంది.

గనివాళ్లు రెండో పైపు వేస్తామంటున్నారు. చలికాలం మొదట్లో మీ ఊళ్లోనే విచారణ జరుగుతుంది. ఈ సముద్రంలో పాదరసం ఎప్పట్నుంచో ఉన్నదే, మా పైపుకీ దానికీ సంబంధం లేదు అన్నది వాళ్ల వాదన. కాదని చెప్పడానికి పైపు వేయకముందు పట్టిన చేపలు నా దగ్గర లేవు. కానీ వదిన జడ ఉంది.

నవ్వకు. జుట్టు నెలకి చిటికెన వేలి గోరంత పెరుగుతుంది. ఆ నెలలో తిన్నదాంట్లోని పాదరసం ఆ కాస్త జుట్టులో ఉండిపోతుంది. వదిన జడ నడుము దిగి ఉంటుంది కాబట్టి, అందులో పైపు రాకముందటి సంవత్సరాలు కూడా ఉన్నాయి. మెడ వెనక తలకంటా ఒక పెన్సిలంత పాయ కత్తిరించు. వేరు వైపు కొసకి దారం కట్టు. ఎటు తలో ఎటు చివరో తెలియకపోతే ఆ పాయ ఎందుకూ పనికిరాదు.

ఫోన్ చేసి అడగొచ్చు. కానీ ఫోన్లో నువ్వు "ఆఁ, బాగానే ఉన్నాం" తప్ప ఇంకో ముక్క మాట్లాడవు. అందుకే రాస్తున్నాను. పెట్టెతో పాటు జవాబు పంపు.

నీ చెల్లాయి


కాటా గది, రేవు
శనివారం

చెల్లాయికి,

ఉత్తరం అందింది. ఈసారి చేపల్ని కడగలేదు. మంచు వేసేటప్పుడు ముఖం పక్కకి తిప్పుకున్నాను. చిన్నవి, మధ్యరకం, ఒక సొరపిల్ల ఉన్నాయి. ఏ పడవ ఎక్కడ వల వేసిందో ప్రతిదానికీ చీటీ కట్టాను.

మీ వదినకి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆమె అన్నది అన్నట్టు రాస్తున్నాను. "వదినా ఆడపడుచులం సిగపట్లు లేకుండా ఇన్నేళ్లు నెట్టుకొచ్చాం అనుకున్నాను. ఆఖరికి ఆ అమ్మాయి కన్ను నా సిగ మీదే పడిందా?" అంది. తర్వాత స్టూలు మీద కూర్చుని తల వంచింది.

కత్తెర దగ్గర కాస్త గొడవైంది. గుడ్డ కోసే కత్తెర జుట్టుకి ఇవ్వనంది. పదును పోతుందట. నా మీసాల కత్తెరతో కోశాను. అందుకే కొసలు వంకరగా ఉన్నాయి. రేవులో చీటీలు కట్టే నూలుదారం కట్టాను. పాయ కాగితంలో చుట్టి పెట్టె మూతకి అంటించాను.

ఇక్కడ ఎండలు తగ్గాయి. సరుకు బాగానే దిగుతోంది. కాటా కొత్తది తెచ్చారు. పాతదే నయం. మీ వదిన కుట్టుపని కొంచెం తగ్గించింది. కళ్లు లాగుతున్నాయంటుంది. మిగతా అంతా మామూలే.

అన్నయ్య


ప్రయోగశాల
గురువారం

అన్నయ్యకి,

నీ ఉత్తరాలు రేవులో రోజువారీ లెక్కలాగే ఉంటాయి. వచ్చింది, పోయింది, మిగిలింది. నాకవి ఇష్టమే, అందుకని మార్చుకోకు.

ఈసారి నా దగ్గర మంచి కబురుంది. వదిన జుట్టుని చిన్నచిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కా విడిగా పరీక్షించాం. పైపు రాకముందు పెరిగిన జుట్టులో పాదరసం చాలా ఎక్కువ ఉంది. ఆ తర్వాత తగ్గుతూ వచ్చింది. నువ్వు దారం కట్టిన కొస, అంటే తల వైపు, ఈమధ్య నెలల్లో పెరిగిన ముక్కలో అన్నిటికంటే తక్కువ. వదిన ఒంట్లోంచి అది దిగిపోతోంది. ఈ మాట తెలిసిన రాత్రి నాకు చక్కగా నిద్ర పట్టింది.

పరిశోధన వైపు నుంచి చూస్తే మాత్రం తలకిందులే. గనివాళ్లు చెబుతున్నదే నిజమవుతోంది. పైపుకి ముందే పాదరసం ఉంది, పైపు వచ్చాక తగ్గింది. మీ రేవు చేపలు ఇంకోలా చెబుతున్నాయి. పైపుకి దగ్గర్లో పట్టినవాటిలో, అందులోనూ పెద్దవాటిలో, అంతకంతకీ ఎక్కువ ఉంది. రెండింటికీ పొంతన కుదరడం లేదు. మా పెద్దాయన, "మనకి నచ్చని లెక్క వచ్చిందని దాచుకుంటే వాళ్లకీ మనకీ తేడా ఏముంది?" అన్నారు. ఆ మాట నిజమే. అందుకని ఉన్నది ఉన్నట్టు నివేదికలో పెడుతున్నాను. వచ్చే వారం సంతకం చేసి పంపేస్తాం.

వదిన ఈమధ్య చేప తినడం తగ్గించిందా? అలా అయితే రాయి, అది కూడా కలుపుతాను. మా వదిన సిగకి నా దండాలు.

నీ చెల్లాయి


కాటా గది
ఆదివారం

చెల్లాయికి,

నీ ఉత్తరం చదివి వినిపించాను. మీ వదిన విని వంటింట్లోకి వెళ్లింది. తినడం తగ్గించలేదు. సంతోషం.

అన్నయ్య


కాటా గది
సోమవారం

చెల్లాయికి,

నిన్నటి ఉత్తరం లారీలో వెళ్లిపోయింది. లేకపోతే చించేసేవాణ్ని. ఇది కూరగాయల బండి అతనికి ఇచ్చి పంపుతున్నాను, ఇదే ముందు అందాలని. నివేదిక పంపకు.

నేను దారం చివర కట్టాను. తల వైపు కాదు.

నువ్వు వేరు వైపు అనే రాశావు. నేనూ అలాగే చదివాను, అర్థం కాక కాదు. కానీ ఈ కాటా దగ్గర చీటీ ఎప్పుడూ తోకకే కడతాం. తలకి కడితే మొప్పల్లో తడిసి రాత పోతుంది. వచ్చిన ప్రతి చేపకీ తోక పట్టుకుని కట్టీ కట్టీ, పాయ చేతిలోకి రాగానే వేళ్లు వాటంతటవే చివరికి వెళ్లాయి. నీ ఉత్తరంలో "దారం కట్టిన కొస, అంటే తల వైపు" అన్న ముక్క దగ్గర ఆగిపోయాను. కళ్లు మూసుకుని ఆ రోజు ఏం చేశానో గుర్తు తెచ్చుకున్నాను. వేళ్ల కింద పలచగా, గరుగ్గా తగిలింది. అది చివరే.

అప్పుడే రాయాల్సింది. రాయకపోవడానికి కారణం దారం కాదు. దారం సంగతి రాస్తే రెండోది కూడా రాయాలి. అది రాయనని మీ వదినకి మాటిచ్చాను.

ఆమె చేతులు వణుకుతున్నాయి. పోయిన వానల నుంచి. మొదట సూదిలో దారం ఎక్కేది కాదు. కళ్లజోడు మార్పించాను. తర్వాత వేళ్ల కొసలకి గుడ్డ తగలడం తెలియట్లేదంది. పట్టుకి నూలుకి తేడా ఆ వేళ్లకి తెలిసినట్టు ఊళ్లో ఎవరికీ తెలియదని నీకు తెలుసు. మొన్న ఒక పెద్దమనిషి చొక్కాకి కాలరు వంకర కుట్టింది. అతను దాన్ని కుర్చీ మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆమె కూర్చుని కుట్లు విప్పి మళ్లీ కుట్టింది, మళ్లీ వంకరే వచ్చింది. నడుస్తుంటే గోడ పట్టుకుంటోంది. వీధి చివరి డాక్టరు వయసు అని బలం మాత్రలు రాశాడు.

"మీ చెల్లెలికి లోకం సంగతులన్నీ రాసుకోండి, నా చేతుల సంగతి మాత్రం రాయొద్దు. చెయ్యి వణికే దర్జీ దగ్గరికి ఎవరొస్తారు?" అంది. సరే అన్నాను.

నువ్వు తగ్గుతోంది అని రాశావు. తగ్గేదైతే వణుకు ఎందుకు పెరుగుతుంది? అందుకే రాస్తున్నాను. మాట తప్పాను. ఆమెకి ఈ సాయంత్రం చెబుతాను.

అన్నయ్య


ప్రయోగశాల
బుధవారం

అన్నయ్యా,

నీ ఉత్తరం అందిన గంటలో పాయలో మిగిలిన వెంట్రుకల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టాను. దారం ఉన్న కొసలు అరిగి, చిట్లి ఉన్నాయి. రెండో కొసలు నీ మీసాల కత్తెర కోసినట్టు తెగి ఉన్నాయి. అంటే నువ్వు చెప్పిందే. చేపలకీ జుట్టుకీ పొంతన కుదరనప్పుడే నేను ఈ పని చేసి ఉండాల్సింది. మంచి కబురు కదా అని దాన్ని నిలదీయలేదు. నీ వేళ్లది అలవాటు, నాది ఆశ. దీని గురించి ఇంక మాట్లాడుకోవద్దు.

ఇప్పుడు నేను చెప్పేవి వరసగా చెయ్యి. ఈ రోజు నుంచి వదిన పెద్ద చేప ముట్టకూడదు. సొర గానీ, నీ చేతి పొడవు దాటిన ఏ చేప గానీ వద్దు. వీధి చివరి డాక్టరు దగ్గరికి కాదు, పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. నేను విడిగా ఒక కాగితం రాసి ఇందులో పెట్టాను. అది ఆయనకే ఇవ్వు. నువ్వు చదివినా పర్వాలేదు గానీ చదవకపోతేనే మంచిది.

నివేదిక ఆపాం. లెక్క తిరగబడింది. పైపు వేసిన ఏటి నుంచి వదిన జుట్టులో పాదరసం మెట్లు ఎక్కినట్టు ఎక్కింది. గనివాళ్ల వాదనకి ఇంతకంటే జవాబు నా దగ్గర లేదు. కానీ వదిన ఒప్పుకోకుండా అందులోంచి ఒక్క వెంట్రుక కూడా విచారణలో పెట్టను. పేరు రాయం. అయినా మీ ఊళ్లో నడుము దిగిన జడ ఎవరిదో చెప్పడానికి పేరెందుకు? వాళ్లు అడుగుతారు, అందరికీ తెలుస్తుంది. ఆ మాట ముందే చెప్పి ఒప్పుకుంటుందేమో అడుగు. ఒప్పుకోకపోతే నేను ఏమీ అనుకోనని కూడా చెప్పు.

నా చదువు మొదటి నెల ఫీజుకి తన కుట్టుమిషను కుదువ పెట్టిన మనిషి ఆమె. ఈ ఉత్తరం రాయడానికి నాకు మధ్యాహ్నం అంతా పట్టింది.

నీ చెల్లాయి


కాటా గది
శుక్రవారం

చెల్లాయికి,

ఆసుపత్రికి వెళ్లొచ్చాం. నరాల డాక్టరు నీ కాగితం చదివి, కళ్లు మూసుకుని ముక్కు ముట్టుకోమన్నాడు. ఆమె చెంప ముట్టుకుంది. రక్తం తీశారు. మళ్లీ రమ్మన్నారు.

నీ కాగితం నేను చదవలేదు.

నీకు రాశానని చెప్పినప్పటి నుంచి మీ వదిన నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది. గ్లాసు ముందుకి తోస్తుంది. మాట లేదు. జుట్టు సంగతి అడిగాను. లోపలికి వెళ్లిపోయింది. దాన్ని అవుననీ అనుకోలేను, కాదనీ అనుకోలేను.

మేం ఆసుపత్రికి ఎందుకు వెళ్లామో రేవులో కబురు పొక్కింది. వేలంపాట పాడే అతను నిన్న కాటా దగ్గర నిలబడి, "ఏం గుమస్తాగారూ, మీ చెల్లెలి చదువు మన పొట్ట మీదికే వచ్చిందే," అన్నాడు. నేను తూకం చదివాను. "మా ఇంట్లోనూ తింటాం, మాకేం కాలేదే," అన్నాడు. నాకూ అదే అనుమానం.

ఒకే ఇంట్లో ఉన్నాం. ఒకే కుండలో అన్నం. నా చేతులు వణకవు. నా జుట్టు కూడా ఇందులో పెడుతున్నాను. ఉన్నదే నాలుగు వెంట్రుకలు, ఈసారి దారం తల వైపే కట్టాను. ఆమెకే ఎందుకు? నాకెందుకు కాదు?

రోజంతా చేపల మధ్య ఉంటాను కాబట్టి ఇంటికెళ్లాక నాకు చేప సయించదు. నీకు తెలుసు. నేను పప్పూ కూరగాయలూ తింటాను. ఇక్కడ పని ముగిశాక ఆ రోజు దిగిన వాటిలో అన్నిటికంటే పెద్ద చేప నుంచి కాటా గుమస్తాకి ఒక ముక్క ఇస్తారు. ఈ రేవులో ముందు నుంచీ అంతే. ఆ ముక్క నేను ఎవరికీ ఇవ్వలేదు, అమ్మలేదు. రోజూ ఆమెకే తీసుకెళ్లాను. అన్నిటికంటే పెద్దది.

జవాబు నాకు తెలుసనే అనుకుంటున్నాను. అయినా నువ్వు రాయి.

అన్నయ్య


ప్రయోగశాల
మంగళవారం

అన్నయ్యా,

నీ జుట్టులో దాదాపు ఏమీ లేదు.

నువ్వు అనుకున్నదే నిజం. రాయకుండా తప్పించుకోవాలని రెండు రోజులు చూశాను. ఈ సముద్రంలో ఎవరు ఎవర్ని తింటారో పెద్ద కాగితం మీద గీసి గోడకి అంటించుకున్నాం. కింద బురద, పైన సొర. సొర పైన ఇంకెవరూ లేరని అక్కడితో ఆపేశాం. అక్కడ ఒక పళ్లెం ఉంది. ఆ పళ్లెం మీ ఇంట్లో ఉంది.

వేలంపాట అతనికి ఏమీ కాకపోవడానికి కారణం, వాళ్లింట్లో పెద్ద చేప వండరు, అమ్ముకుంటారు. అమ్ముడుపోని చిన్నవి తింటారు. మంచిది అమ్ముకున్నవాడికి తక్కువ తగిలింది, మంచిది భార్యకి తీసుకెళ్లినవాడి ఇంట్లో ఎక్కువ తగిలింది. దీంట్లో న్యాయం వెతక్కు. నేను వెతికాను, దొరకలేదు.

చేప మానేస్తే కొత్తగా పెరిగే జుట్టు శుభ్రంగా ఉంటుంది. ఒంట్లోది కొన్ని నెలల్లో దిగుతుంది. నరాల సంగతి నేను మాటివ్వలేను. కొంత తిరిగి రావచ్చు. అంతా రాకపోవచ్చు. నీకు అబద్ధం రాయడం నాకు చేతకాదు, ఒకసారి తెలియక రాస్తేనే ఏమైందో చూశాం.

విచారణ వచ్చే సోమవారం. పాయ నా బంధువుది కాబట్టి నేను ఆ గదిలో ఉండకూడదని మా పెద్దాయన అన్నారు. ఆయనే వస్తున్నారు. ఆయన సంచిలో రెండు నివేదికలు ఉంటాయి. ఒకదాంట్లో చేపలు మాత్రమే. రెండోదాంట్లో చేపలు, జుట్టు. వదిన ఏమంటే అది చదువుతారు. ఏమీ అనకపోతే మొదటిదే.

నీ చెల్లాయి


ఇంటి నుంచి
మంగళవారం

చెల్లాయికి,

మీ పెద్దాయన నీకు అంతా చెప్పే ఉంటారు. అయినా నేను చూసింది నేను రాస్తాను. ఇది కాస్త పొడుగు.

నిన్న పొద్దున నేను తయారై గుమ్మంలో చెప్పులేసుకుంటున్నాను. మీ వదిన కూడా మంచి చీర కట్టుకుని వచ్చి నిలబడింది. ఎక్కడికని అడగలేదు. తాళం నా చేతిలో పెట్టింది. ఇద్దరం నడిచాం. నా మోచెయ్యి పట్టుకుంది గానీ అది గోడ పట్టుకున్నట్టే పట్టుకుంది.

విచారణ బడి హాల్లో పెట్టారు. పిల్లల బెంచీలు. మోకాళ్లు గడ్డానికి తగిలేలా అందరం కూర్చున్నాం. ఒకవైపు రేవువాళ్లు, ఒకవైపు గనివాళ్లు. మేం ఎటు కూర్చోవాలో తెలియలేదు. రేవువాళ్లు జరగలేదు. వెనక బెంచీలో కూర్చున్నాం.

మీ పెద్దాయన సంచి ఒళ్లో పెట్టుకుని మా దగ్గరికి వచ్చారు. ఏదీ అడగకుండా రెండు నివేదికలూ మీ వదిన ముందు పెట్టారు. ఆమె రెండూ చేత్తో తూచినట్టు పట్టుకుని చూసింది. "బరువున్నది చదవండి," అంది.

ఆయన చదివారు. జుట్టు దగ్గరికి వచ్చేసరికి హాల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. నువ్వన్నట్టే అయింది, పేరు అక్కర్లేకపోయింది. తర్వాత గని డాక్టరు లేచాడు. మంచిగానే మాట్లాడాడు. "ఆమె ఆరోగ్యం బాగోలేదంటే నాకూ బాధగానే ఉంది. కానీ పెద్ద చేప రోజూ తింటే ఎక్కడైనా ఇంతే. అంత చేప తినమని ఆమెకి ఎవరు చెప్పారు? రోజూ తెచ్చి పెట్టింది ఎవరు?" అన్నాడు. అని, చుట్టూ చూశాడు.

చెల్లాయ్, అప్పుడు నేను లేచి నిలబడాలనుకున్నాను. నేనే అని చెబుదామనుకున్నాను. ఆ బెంచీ చిన్నది, మోకాళ్లు ఇరుక్కున్నాయి. అది సాకు కావచ్చు. నేను లేచే లోపల ఆమె లేచింది. బెంచీ అంచు రెండు చేతులా పట్టుకుంది. ఆ వణుకు బెంచీకి పాకి, నేను కూర్చున్న చోట కూడా తెలిసింది.

"మా ఆయన తెచ్చారు, నేను తిన్నాను. మంచిదని తెచ్చారు, మంచిదని తిన్నాను. ఆ పైపు మాత్రం మేం తెచ్చుకోలేదు బాబూ," అంది.

గొంతు పెంచలేదు. కొలతలు చెప్పేటప్పుడు ఎలా మాట్లాడుతుందో అలాగే అంది. తర్వాత విచారణాధికారి వైపు తిరిగి, "నేను దర్జీని. ఇంకెవరి గుడ్డా పాడుచెయ్యను, దుకాణం మూసేస్తున్నాను. రేపు నా చేతులు చూసి ఎవరూ గుసగుసలాడక్కర్లేదు. ఇక్కడే చూసేయండి," అని రెండు చేతులూ ముందుకి చాపింది. గని డాక్టరు చూసి, కాగితాల్లోకి తల వంచుకున్నాడు.

రెండో పైపు ఆపారు. మొదటిదాని మీద పరీక్షలు చేయిస్తామన్నారు. అది ఇంకా పారుతూనే ఉంది. ఇవాళ పొద్దున కూడా పారింది. వేలంపాట అతను బయట నన్ను ఆపి, వాళ్లావిడ జుట్టు కూడా పంపొచ్చా అని అడిగాడు. దారం ఎటు కట్టాలో నేను చెబుతానన్నాను. రేవు పని ఎన్నాళ్లుంటుందో తెలియదు. ఉన్నన్నాళ్లు చేస్తాను. ఆ ముక్క నాకు ఇవ్వొద్దని చెప్పాను.

ఇంటికి వచ్చాం. చీర మార్చుకుంది. కుట్టుమిషను మీద గుడ్డ కప్పింది. నేను మంచం మీద కూర్చున్నాను. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. నా సంగతి నీకు తెలుసు.

ఈరోజు పొద్దున నేను పనికి బయల్దేరుతుంటే వంటింట్లోంచి, "సాయంత్రం ఏం తెస్తారు?" అంది. ఇన్ని రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. రోజూ అడిగేదే.

గుమ్మంలో నిలబడి ఆలోచించాను. ఏం తేవాలో తోచలేదు. పనికి వెళ్లలేదు. అందుకే ఈ ఉత్తరం ఇంటి నుంచి రాస్తున్నాను. ఏం తేవచ్చో రాయి చెల్లాయ్. చిన్నదైనా ఫర్వాలేదు.

అన్నయ్య